ఇశ్రాయేలు వేరు, ఇజ్రాయెల్ వేరు: అమెరికా చర్చిలకీ యూదు సంస్థలకీ ఎక్కడ చెడింది?

తెలుగులో మనకి తెలియకుండానే ఒక సౌకర్యం ఉంది. బైబిల్లో ఉండేది ఇశ్రాయేలు, పేపర్లో వచ్చేది ఇజ్రాయెల్. ఒకటి యాకోబుకి దేవుడు పెట్టిన పేరు, రెండోది 1948 మే 14న ఏర్పడి, సైన్యమూ పార్లమెంటూ పాస్‌పోర్టూ ఉన్న దేశం. ఇంగ్లీషులో ఈ రెండిటికీ ఒకటే మాట, ఒకటే స్పెల్లింగు. ఆదివారం పొద్దున పాటలో ఆ పేరు పాడి, సాయంత్రం టీవీలో గాజా వార్తల్లో మళ్ళీ అదే పేరు వినే అమెరికా విశ్వాసికి ఎక్కడ ఒకటి ఆగి ఎక్కడ రెండోది మొదలవుతుందో తెలియదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2014లో అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చి మహాసభకి చికాగో నుంచి ఏకంగా ఒక అర్జీ వెళ్ళింది, ఆరాధనలో వాడే ఆ పేరుకీ ఇప్పటి దేశం పేరుకీ తేడా విడమర్చి చెప్పండి అని.

ఆ చర్చికీ అమెరికాలోని పెద్ద యూదు సంస్థలకీ ఇరవయ్యేళ్ళుగా నడుస్తున్న తగువు ఒకరకంగా ఆ స్పెల్లింగు దగ్గరే ఇరుక్కుంది.

క్లుప్తంగా

తొందరలో ఉన్నవాళ్ళ కోసం: 2004 నుంచి అమెరికాలోని పాత ప్రొటెస్టంట్ చర్చిలు, ముఖ్యంగా ప్రెస్బిటేరియన్లు, పాలస్తీనా భూభాగాల మీద ఇజ్రాయెల్ ఆక్రమణతో వ్యాపారం చేస్తున్న కంపెనీల్లో తమ షేర్లు ఉంచాలా అమ్మాలా అని ఓట్లు వేస్తూ వచ్చారు. 2014లో 7 ఓట్ల తేడాతో అమ్మేశారు. డబ్బు లెక్కన అది చాలా చిన్నది, కానీ యూదు సంస్థలకి అందులో వినిపించింది డబ్బు మాట కాదు. చర్చి అడుగుతున్నది "మా పెన్షన్ డబ్బు ఎక్కడుంది" అని, అవతలివాళ్ళకి వినపడుతున్నది "మీకు దేశం ఉండాలా" అని. 2022 తర్వాత అపార్థైడ్ (ఒకప్పటి దక్షిణాఫ్రికా తరహా జాతి వివక్ష పాలన) అనే మాట కూడా వచ్చి చేరింది.

ముందు ఏ చర్చి అనేది తేల్చుకోవాలి

మన దగ్గర చాలామందికి వచ్చే మొదటి అనుమానం ఏంటంటే, అమెరికా క్రైస్తవులు ఇజ్రాయెల్‌ని నెత్తిన పెట్టుకుంటారు కదా, మరి ఈ గొడవేంటి అని. నెత్తిన పెట్టుకునేది ఇవాంజెలికల్ వర్గం. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ చెప్పిన సిద్ధాంతం, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రెఫరెన్స్ బైబిల్ నోట్సు ద్వారా అమెరికా అంతా పాకింది. దాని ప్రకారం యేసు రెండో రాకడకి ముందు యూదులు తమ నేలకి తిరిగి చేరాలి, కాబట్టి 1948 అనేది నెరవేరిన ప్రవచనం. ఈ వర్గం నుంచే టెక్సస్ పాస్టర్ జాన్ హేగీ 2006లో క్రిస్టియన్స్ యునైటెడ్ ఫర్ ఇజ్రాయెల్ అనే సంస్థ పెట్టాడు, తమకి కోటి మందికి పైగా సభ్యులున్నారని ఆ సంస్థ చెప్పుకుంటుంది.

ఈ వ్యాసంలో గొడవ పడుతున్నది వీళ్ళు కాదు. మెయిన్‌లైన్ అని పిలిచే పాత చర్చిలు: ప్రెస్బిటేరియన్, మెథడిస్ట్, ఎపిస్కొపల్, లూథరన్, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్. కొంచెం చదువుకున్న, కొంచెం లిబరల్, సభ్యులు ఏటికేడు తగ్గిపోతున్న చర్చిలు. ప్రెస్బిటేరియన్ల సంఖ్యే 2004లో 23 లక్షల పైన ఉండేది, ఇప్పుడు అందులో సగం కూడా లేరు.

విచిత్రం ఏంటంటే, అమెరికా యూదుల్లో ఎక్కువమందికి అభిప్రాయాలు కలిసేది ఈ చర్చిలతోనే. పౌరహక్కులు, వలసలు, అబార్షన్, ప్రభుత్వాన్నీ మతాన్నీ వేరుగా ఉంచడం, ఏది తీసుకున్నా ఇద్దరూ ఒకే పక్క. ఇవాంజెలికల్స్‌తో కలిసేది ఒక్క ఇజ్రాయెల్ దగ్గరే, మిగతా అన్నిట్లో ఉప్పూ నిప్పూ. అంటే అన్నిట్లో స్నేహితుడైనవాడు ఒక్క ముఖ్యమైన విషయంలో ఎదురు తిరిగాడు, అందుకే ఈ తగువులో కోపం కంటే నొప్పి ఎక్కువ కనిపిస్తుంది.

రిచ్‌మండ్, 2004

వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో 2004 వేసవిలో ప్రెస్బిటేరియన్ల జనరల్ అసెంబ్లీ, అంటే మహాసభ, జరిగింది. అప్పటికి రెండో ఇంతిఫాదా (ఆక్రమణ మీద పాలస్తీనీయుల తిరుగుబాటు) నాలుగో ఏడులో ఉంది, ఒక పక్క ఇజ్రాయెల్ బస్సుల్లో కేఫుల్లో ఆత్మాహుతి దాడులు, ఇంకో పక్క వెస్ట్ బ్యాంక్‌లో 2002 నుంచి లేస్తున్న గోడ. ఆ సభ 431-62 ఓట్లతో ఒక తీర్మానం చేసింది: ఇజ్రాయెల్‌లో పనిచేసే బహుళజాతి కంపెనీల నుంచి దశలవారీగా, ఎంపిక చేసి పెట్టుబడి వెనక్కి తీసుకునే ప్రక్రియ మొదలుపెట్టాలి అని. తీర్మానం పాసైనప్పుడు హాల్లో ఉన్న చాలామందికి అది ఇంత దుమారం లేపుతుందన్న ఊహ లేదేమో, ఎందుకంటే ఓట్ల తేడా చూస్తే పెద్ద చర్చ జరిగినట్టు అనిపించదు.

యూదు సంస్థలకి మాత్రం అది పిడుగే. ఎందుకంటే అదే సభ ఇంకో పని కూడా చేసింది. ఫిలడెల్ఫియా దగ్గర అవోదత్ యిస్రాయెల్ అనే మెస్సియానిక్ సంఘం ఉంది, యూదు పద్ధతుల్లో ఆరాధన చేస్తూ యేసుని నమ్మే సంఘం. ఇలాంటివాటికి చర్చి డబ్బు ఇవ్వడం ఆపాలన్న ప్రతిపాదనని సభ తోసిపుచ్చింది. ఒకే వారంలో ఇటు దేశం మీద ఆర్థిక ఒత్తిడి, అటు మతం మార్చే సంఘానికి డబ్బు. ఆ అక్టోబర్‌లోనే ప్రెస్బిటేరియన్ల బృందం ఒకటి లెబనాన్ వెళ్ళి, ఇజ్రాయెల్‌తో పోరాడే సాయుధ సంస్థ హిజ్‌బొల్లా వాళ్ళని కలిసింది, ఆ తర్వాత ఇద్దరు చర్చి ఉద్యోగుల ఉద్యోగాలు పోయాయి. అయినా జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

2006లో బర్మింగ్‌హామ్ సభ 483-28తో భాష మార్చింది. ఇజ్రాయెల్‌ని వేరుగా ఎత్తిచూపకుండా, ఆ ప్రాంతంలో మన డబ్బు శాంతియుత పనుల్లోనే ఉండాలి అన్న మాట పెట్టి, యూదు సమాజానికి కలిగిన బాధకి విచారం కూడా చెప్పింది. గొడవ సద్దుమణిగింది అనుకున్నారు.

షేర్లు అమ్మడం అంటే అసలు జరిగేదేంటి

ఇది అర్థం కాకపోతే మిగతాదేదీ అర్థం కాదు. చర్చి డబ్బు అనగానే మనకి ఆదివారం పళ్ళెంలో పడే కానుకలు గుర్తొస్తాయి, కానీ ఇక్కడ సంగతి పాస్టర్ల పెన్షన్ ఫండు, పాత ఆస్తుల మీద వచ్చిన నిధులు, అన్నీ కలిపి అప్పట్లో ఏడెనిమిది వందల కోట్ల డాలర్లు, అవి స్టాక్ మార్కెట్లో ఉంటాయి. ఏ కంపెనీలో ఉండాలో చూడడానికి ఎంఆర్‌టీఐ అనే కమిటీ ఉంది. పొగాకు, ఆయుధాల కంపెనీల్ని పక్కన పెట్టేది, 1980ల్లో దక్షిణాఫ్రికా వ్యాపారాల మీద ఒత్తిడి తెచ్చిందీ ఇదే పద్ధతిలో. కమిటీ ముందు కంపెనీకి ఉత్తరం రాస్తుంది, తర్వాత కూర్చుని మాట్లాడుతుంది, తర్వాత వాటాదారుగా కంపెనీ మీటింగులో తీర్మానం పెడుతుంది, ఏదీ పనిచేయకపోతేనే సభ దగ్గరికి వచ్చి అమ్మేద్దామంటుంది. అంటే ఇది పదేళ్ళు సాగే ఆఫీసు పని.

2005లో కమిటీ ఐదు కంపెనీల పేర్లు చెప్పింది: క్యాటర్‌పిల్లర్, మోటరోలా, ఐటీటీ, యునైటెడ్ టెక్నాలజీస్, సిటీగ్రూప్. సిటీగ్రూప్ ఇందులో ఎందుకుందంటే, హింసకి వాడే డబ్బు పాలస్తీనా వైపుకి ఆ బ్యాంకు ద్వారా వెళ్ళిందన్న ఆరోపణ వల్ల, అంటే ఆ జాబితా రెండు వైపులా చూద్దామనే మొదలైంది. ఆ తర్వాత జాబితా మారుతూ వచ్చి చివరికి తేలినవి మూడు. క్యాటర్‌పిల్లర్ ఎందుకంటే దాని డీ9 బుల్డోజర్లకి ఉక్కు తొడుగు వేసి ఇజ్రాయెల్ సైన్యం ఇళ్ళు కూల్చడానికి వాడుతుంది, 2003 మార్చి 16న రఫాలో రేచల్ కోరీ అనే అమెరికా యువతి చనిపోయింది అలాంటి బుల్డోజర్ కిందే. హ్యూలెట్ ప్యాకార్డ్ ఎందుకంటే చెక్‌పోస్టుల దగ్గర వేలిముద్రల స్కానింగ్ వ్యవస్థ అప్పట్లో దానిది. మోటరోలా సొల్యూషన్స్ ఎందుకంటే సైన్యానికి కమ్యూనికేషన్లు, సెటిల్మెంట్ల (ఆక్రమిత నేల మీద కట్టిన యూదుల కాలనీలు) చుట్టూ నిఘా పరికరాలు.

చర్చి వాదన చాలా ఇరుకైనది: మేం ఇజ్రాయెల్‌ని బహిష్కరించట్లేదు, ఆ దేశపు ఉనికిని ఒప్పుకుంటున్నాం, ఈ మూడు కంపెనీలు చేసే ఈ పనుల్లో మా లాభం వద్దంటున్నాం, అంతే.

అవతలి చెవికి వినిపించేది

అంతేనా? యూదు సంస్థలు అంతే అనుకోకపోవడానికి కారణాలున్నాయి, వాటిని ఊరికే లాబీ అని కొట్టిపారేస్తే అసలు మెకానిజం మిస్సవుతాం.

మొదటిది, బాయ్‌కాట్ అనే పద్ధతికి ఉన్న చరిత్ర. 1933 ఏప్రిల్ 1న జర్మనీలో నాజీలు యూదుల దుకాణాల ముందు కాపలా నిలబడి కొనొద్దని చెప్పారు. ఆ జ్ఞాపకం ఉన్న సమాజం దగ్గరికి ఒక క్రైస్తవ సంస్థ వచ్చి ఆర్థిక ఒత్తిడి గురించి మాట్లాడితే, ఎంత జాగ్రత్తగా రాసిన తీర్మానమైనా చెవికి అలాగే తగులుతుంది.

రెండోది ఇంకా లోతైనది, దైవశాస్త్రానికి సంబంధించింది. యూదులతో దేవుడు చేసిన నిబంధన రద్దయిపోయింది, వాగ్దానాలన్నీ సంఘానికి వచ్చేశాయి అని క్రైస్తవ్యం వందల ఏళ్ళు నేర్పింది. హోలోకాస్ట్ తర్వాత చాలా చర్చిలు ఆ బోధని బహిరంగంగా వదిలేశాయి, ప్రెస్బిటేరియన్లు 1987లో ఒక పత్రంలో ఆ దారిలోకి వచ్చారు. కానీ అదే సమయానికి జెరూసలేంలో నయీం అతీక్ అనే ఆంగ్లికన్ పాదిరీ పాలస్తీనా విమోచన దైవశాస్త్రం, అంటే అణగదొక్కబడ్డవాళ్ళ వైపు నుంచి బైబిల్ చదివే పద్ధతి, తయారు చేస్తున్నాడు. 1948లో బేసాన్ ఊరి నుంచి కుటుంబంతో సహా వెళ్ళగొట్టబడ్డ మనిషి ఆయన, ఆయన పెట్టిన సబీల్ అనే కేంద్రం ద్వారానే ఎంతోమంది అమెరికా పాస్టర్లు పాలస్తీనా కథ విన్నారు. 2001 ఈస్టర్ సందేశంలో ఆయన పాలస్తీనీయుల బాధని సిలువతో పోల్చాడు, సిలువ వేసేవాళ్ళ స్థానంలో ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని నిలబెట్టాడు. పాలస్తీనా క్రైస్తవుడికి సిలువ అనేది తన బాధ చెప్పుకోవడానికి ఉన్న సొంత భాష. యూదుడికి మాత్రం "క్రీస్తుని చంపినవాళ్ళు" అని శతాబ్దాలపాటు ఊచకోతలకి సాకుగా వాడిన అదే నింద. ఒకే బొమ్మ, ఇద్దరికీ వేరే అర్థం, పైగా ఇద్దరిదీ నిజమైన అర్థమే.

మూడోది ఎంపిక. సిరియా, చైనా, ఇంకెన్నో ఉండగా మీ కమిటీకి యూదుల దేశమే ఎందుకు దొరికింది అని అడుగుతారు. దీనికి చర్చి వైపు నుంచి వచ్చే జవాబు, అమెరికా పన్నుల డబ్బులో ఏటా 380 కోట్ల డాలర్లు సైనిక సాయంగా వెళ్ళేది అక్కడికే కాబట్టి మా బాధ్యత కూడా అక్కడే ఎక్కువ అని. ప్రశ్నా న్యాయమైనదే, జవాబూ న్యాయమైనదే, అందుకే ఈ ముక్క దగ్గర చర్చ ఇరవయ్యేళ్ళుగా ఒక్క అంగుళం కదల్లేదు.

చర్చి అక్కడికి ఎలా చేరింది

మెయిన్‌లైన్ చర్చిలు మొదటి నుంచీ ఇలా లేవు. 1942లో రైన్‌హోల్డ్ నీబర్ లాంటి పెద్ద ప్రొటెస్టంట్ ఆలోచనాపరుడు క్రిస్టియన్ కౌన్సిల్ ఆన్ పాలస్టైన్ ఏర్పాటులో ఉన్నాడు, యూదులకి దేశం కావాలని గట్టిగా వాదించాడు. కాకపోతే ఇంకో ప్రవాహం దానికంటే పాతది. అమెరికా మిషనరీలు 19వ శతాబ్దంలోనే లెబనాన్, సిరియా వెళ్ళి స్కూళ్ళు, ఆసుపత్రులు కట్టారు, ఇప్పటి అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ బేరూత్ 1866లో సిరియన్ ప్రొటెస్టంట్ కాలేజీగా మొదలైంది వాళ్ళ చేతుల్లోనే. అలా అరబ్ క్రైస్తవులతో తరాల బంధుత్వం. ఆ బంధువులు 1948లో, 1967లో శరణార్థులైనప్పుడు ఉత్తరాలు వచ్చింది ఈ చర్చిల ఆఫీసులకే.

1967 యుద్ధానికి ముందు వారాల్లో యూదు నాయకులు క్రైస్తవ మిత్రుల నుంచి గొంతు వినబడుతుందని ఎదురు చూశారు, చాలావరకు మౌనమే వచ్చింది. అప్పుడు పడ్డ బీట మళ్ళీ పూర్తిగా పూడలేదు. 2009 డిసెంబర్‌లో పాలస్తీనా క్రైస్తవ నాయకులు బెత్లెహేములో కైరోస్ పాలస్తీనా పత్రం విడుదల చేసి బాయ్‌కాట్‌కి, పెట్టుబడుల ఉపసంహరణకి నేరుగా పిలుపిచ్చారు. సొంత విశ్వాసులే అడుగుతుంటే కాదనడం చర్చికి కష్టం.

డెట్రాయిట్, ఏడు ఓట్లు

2012 పిట్స్‌బర్గ్‌లో షేర్లు అమ్మే ప్రతిపాదన 333-331తో ఓడింది, ఇద్దరు తటస్థంగా ఉన్నారు. ఆ అక్టోబర్‌లో 15 మంది క్రైస్తవ నాయకులు అమెరికా కాంగ్రెస్‌కి ఉత్తరం రాశారు, ఇజ్రాయెల్‌కి ఇచ్చే సైనిక సాయం అమెరికా చట్టాల ప్రకారమే వాడుతున్నారా అని విచారించమని. దాంతో ఏళ్ళ తరబడి నడుస్తున్న యూదు-క్రైస్తవ రౌండ్‌టేబుల్ నుంచి యూదు సంస్థలు లేచిపోయాయి, ముందు చెప్పకుండా వెనకనుంచి ఇలా చేస్తారా అని. ఉత్తరంలో రాసినదానికంటే చెప్పకుండా రాయడమే వాళ్ళకి ఎక్కువ గుచ్చుకుంది.

2014 డెట్రాయిట్ సభకి ముందు ప్రెస్బిటేరియన్లలోనే ఉన్న ఇజ్రాయెల్ పాలస్తీనా మిషన్ నెట్‌వర్క్ ఒక స్టడీ గైడ్ వేసింది. ఆక్రమణే కాదు, జియోనిజం (యూదులకి సొంత దేశం కావాలన్న ఉద్యమం) అనే భావనే సమస్యకి మూలం అన్నట్టు రాశారు అందులో. మూడు కంపెనీల మీద మాత్రమే అన్న చర్చి వాదనకి ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి లేదు, ఎందుకంటే యూదు సంస్థలు మొదటి నుంచీ చెబుతున్నది సరిగ్గా ఇదే కదా. సభ అయ్యాక ఆ పుస్తకాన్ని చర్చి తన అమ్మకాల నుంచి తీసేసింది.

సభలో, యూదుల్లో ఉదారవాద శాఖ అయిన రిఫార్మ్ యూదుల అధ్యక్షుడు రబ్బీ (యూదు మతగురువు) రిక్ జేకబ్స్ స్వయంగా వచ్చి మాట్లాడాడు. తీర్మానం ఓడిస్తే చర్చి పెద్దల్ని నెతన్యాహు దగ్గరికి తీసుకెళ్తా అన్నాడు. సెటిల్మెంట్లని తప్పుపట్టే మనిషే ఆయన, అయినా షేర్లు అమ్మడం మాత్రం వద్దన్నాడు. అదే హాల్లో జ్యూయిష్ వాయిస్ ఫర్ పీస్ సభ్యులు అమ్మండి అని ప్రచారం చేశారు, అంటే యూదుల గొంతు కూడా ఒక్కటి కాదు. చివరికి 310-303. మూడు కంపెనీల్లో ఉన్నది సుమారు 2.1 కోట్ల డాలర్లు, మొత్తం నిధిలో వంద రూపాయలకి పాతికా ముప్పై పైసలు. ఇజ్రాయెల్ మీద బాయ్‌కాట్, పెట్టుబడి ఉపసంహరణ, ఆంక్షలు కోరే బీడీఎస్ ఉద్యమంతో మాకు సంబంధం లేదని, రెండు దేశాల పరిష్కారానికే కట్టుబడి ఉన్నామని తీర్మానంలోనే రాసుకున్నారు. మర్నాడు హెడ్‌లైన్లలో ఆ వాక్యాలేవీ లేవు, చర్చి ఇజ్రాయెల్ నుంచి డబ్బు తీసేసింది అన్న ముక్కే ఉంది.

ఓటు వేసేది ఎవరు

ఇక్కడ ఒక నిర్మాణ సమస్య ఉంది, దీని గురించి తక్కువ మాట్లాడతారు. జనరల్ అసెంబ్లీ రెండేళ్ళకోసారి జరుగుతుంది, సగం మంది పాస్టర్లు, సగం మంది సంఘ పెద్దలు, ఎక్కువమందికి అదే మొదటిసారి. వారం రోజుల్లో వందల ప్రతిపాదనలు చదవాలి. అలాంటి చోట ఏళ్ళ తరబడి ఒకే విషయం మీద పనిచేసే నెట్‌వర్కులకి బలం ఎక్కువ, ఎవరి నెట్‌వర్కైనా సరే. అమ్మకం వద్దనే ప్రెస్బిటేరియన్ల గుంపు కూడా ఉంది, యూదు సంస్థలు కూడా 2010లో ఇజ్రాయెల్ యాక్షన్ నెట్‌వర్క్ పెట్టుకుని ఊరూరా రబ్బీల చేత పక్క వీధి పాస్టర్లకి ఉత్తరాలు రాయించాయి. కానీ బల్లల మీద కూర్చునే మామూలు సభ్యుడు ఈ ఓట్లలో పెద్దగా లేడు. ఊళ్ళో చర్చి, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కలిసి పేదలకి అన్నం పెట్టే కార్యక్రమాలు చాలాచోట్ల అలాగే నడిచాయి, జాతీయ ఆఫీసులు ప్రకటనలు రాసుకుంటుంటే.

మిగతా చర్చిలు, తలో దారి

2015లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ 508-124తో ఉపసంహరణకి ఓటేసింది, అదే వేసవిలో ఎపిస్కొపల్ బిషప్పులు వద్దన్నారు. మెథడిస్టులు 2012లో, 2016లో సభలో తిరస్కరించారు, కానీ 2016 జనవరిలోనే వాళ్ళ పెన్షన్ బోర్డు ఐదు ఇజ్రాయెల్ బ్యాంకుల్ని పెట్టుబడి జాబితా నుంచి చడీచప్పుడు లేకుండా తీసేసింది. 2013లో స్కాట్లండ్ చర్చి ఒక నివేదికలో యూదులకి ఆ నేల మీద బైబిల్ ఆధారంగా ప్రత్యేక హక్కేమీ లేదన్నట్టు రాసి, యూదు సమాజం మండిపడ్డాక ఇజ్రాయెల్ ఉనికి హక్కుని స్పష్టంగా ఒప్పుకుంటూ తిరగరాసింది.

మాట మారింది

2014 దాకా గొడవ కంపెనీల మీద. 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్, 2022 ఫిబ్రవరిలో ఆమ్నెస్టీ తమ రిపోర్టుల్లో అపార్థైడ్ అనే మాట వాడాక, అది చర్చి తీర్మానాల్లోకీ వచ్చేసింది. 2022 జనవరిలోనే ప్రెస్బిటేరియన్ల అప్పటి ముఖ్య అధికారి జె. హెర్బర్ట్ నెల్సన్ ఆక్రమణని 21వ శతాబ్దపు బానిసత్వం అన్నాడు. ఆ ఏడాది వేసవిలో లూయివిల్ సభ 266-116తో ఇజ్రాయెల్ చట్టాలు, విధానాలు అపార్థైడ్ కిందికి వస్తాయని తీర్మానించింది. 310-303 ఎక్కడ, 266-116 ఎక్కడ. చర్చి చిన్నదవుతున్న కొద్దీ మిగిలినవాళ్ళ అభిప్రాయం ఒక వైపుకి చిక్కబడుతోంది అని దీన్ని చదవొచ్చు. ఇజ్రాయెల్ రాజకీయాలు కుడివైపు జరగడం వల్ల మధ్యలో ఉన్నవాళ్ళు తగ్గారని కూడా చదవొచ్చు, రెండూ కొంత నిజమే అయి ఉంటాయి.

తర్వాత 2023 అక్టోబర్ 7. హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయాక, చర్చిల ప్రకటనల్లో ఆ దుఃఖానికి రెండు వాక్యాలూ గాజాకి రెండు పేజీలూ ఇచ్చారని యూదు సంస్థల ఫిర్యాదు. గాజాలో చనిపోతున్నవాళ్ళ సంఖ్య వేలల్లో పెరుగుతుంటే, అక్టోబర్ 19న సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో తలదాచుకున్నవాళ్ళు కూడా బాంబుకి బలైతే మేమెలా ఊరుకుంటాం అని చర్చిల జవాబు. 2024లో మెథడిస్టులు ఇజ్రాయెల్‌తో పాటు టర్కీ, మొరాకో ప్రభుత్వ బాండ్లు కొనొద్దన్నారు, ఆక్రమణ చేస్తున్న దేశాలన్నిటికీ ఒకటే కొలత అని చూపించడానికి. ఎంపిక చేసి కొడుతున్నారు అన్న పాత ఆరోపణకి ఇరవయ్యేళ్ళకి వచ్చిన జవాబు అది.

మన దగ్గరికి వస్తే

తెలుగు నేల మీద సంఘాల పుట్టుకకి ఈ చర్చిలతో సూటిగా సంబంధం ఉంది. 1842లో గుంటూరు వచ్చిన హేయర్ అమెరికా లూథరన్, ఒంగోలు మిషన్ అమెరికా బాప్టిస్టులది, 1947లో ఏర్పడ్డ సీఎస్ఐలో ఆంగ్లికన్లు, మెథడిస్టులతో పాటు ప్రెస్బిటేరియన్లూ కలిశారు. కానీ ఇక్కడి కన్వెన్షన్లలో, యూట్యూబ్ ప్రసంగాల్లో వినిపించేది ఎక్కువగా అవతలి ధోరణి, అంత్యదినాలు, ప్రవచనాలు, ఇజ్రాయెల్‌కి మేలు కోరినవాళ్ళకి ఆశీర్వాదం అని ఆదికాండము 12వ అధ్యాయం. ప్రభుత్వ సాయంతో జెరూసలేం యాత్రకి వెళ్ళొచ్చినవాళ్ళు బెత్లెహేములో ఆ గోడ దాటే లోపలికి వెళ్ళుంటారు, గోడకి అవతల ఉన్న పాలస్తీనా లూథరన్లు, ఆంగ్లికన్లు వరసకి తమ సంఘం వాళ్ళేనని గైడు చెప్పి ఉండకపోవచ్చు. సీఎస్ఐ సభ్యురాలిగా ఉన్న ప్రపంచ చర్చిల మండలి 2025 జూన్‌లో జోహన్నెస్‌బర్గ్‌లో కూర్చుని అపార్థైడ్ అన్న మాటే వాడింది. అంటే తెలుగు విశ్వాసి కూడా తెలిసో తెలియకో ఈ తగువులో ఒక సభ్యుడే, కాకపోతే మనకి స్పెల్లింగులు రెండున్నాయి.